రెండు సీట్ల స్పోర్ట్స్ కారు షోరూమ్ దాకా ఎందుకు రాదు: అనంతపురం ప్రాజెక్టు కేస్ స్టడీ

అనంతపురంలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసిన ముగ్గురు కుర్రాళ్ళు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి సొంతంగా కట్టి, ఆ తర్వాత ఏడాదికి కొన్ని కార్ల చొప్పున అమ్మాలని మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. కొత్త వాహనాలకూ విడిభాగాలకూ ఖర్చు అంచనా కట్టడం, తయారీకి పనికొస్తుందో లేదో చూసి చెప్పడం నా వృత్తి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక ఈ చుట్టుపక్కల విడిభాగాల యూనిట్లు బాగా పెరిగాయి, నాకు ఇక్కడే చేతినిండా పని దొరుకుతోంది. వాళ్ళు అడిగింది ఒక్కటే: ఇది అమ్మకానికి పనికొస్తుందా, వస్తే ఎంతవుతుంది? దానికి సరైన జవాబు చెప్పాలంటే వాళ్ళ కారొక్కటే చూస్తే సరిపోదు, పెద్ద పెద్ద కంపెనీలు షోల్లో గర్వంగా చూపించి ఆపేసిన రెండు సీట్ల కార్లు ఎక్కడ ఆగిపోయాయో కూడా చూడాలి. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళ పేర్లు వదిలేశాను, మిగతాదంతా వాళ్ళకి చెప్పే రాస్తున్నా.

ముందు కారు సంగతి. పని చాలా బాగా చేశారు, ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు. పాత హ్యాచ్‌బ్యాక్ ఒకటి కొని, దాని 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజను, గేర్‌బాక్సు, ముందు సబ్‌ఫ్రేము (ఇంజనునీ సస్పెన్షన్‌నీ మోసే చట్రం), సస్పెన్షన్ మొత్తం ఒకే సెట్టుగా దించి సీట్ల వెనక పెట్టారు. మామూలు కారు భాగాలతో మిడ్ ఇంజను కారు, అంటే సీట్లకీ వెనక చక్రాలకీ మధ్య ఇంజను ఉండే కారు కట్టాలంటే అందరూ పట్టే దారి ఇదే. అమెరికాలో 1984 మోడల్‌గా వచ్చిన పాంటియాక్ ఫియరో కూడా షెవర్లే సైటేషన్ ముందు సస్పెన్షన్‌ని తీసుకెళ్ళి వెనక పెట్టుకున్న కారే. ఫ్రేము గుండ్రటి స్టీల్ పైపులతో వెల్డింగ్, బాడీ ఫైబర్. మన దగ్గర నీళ్ళ ట్యాంకులు, కమాన్లు చేసే ఫైబర్ పనివాళ్ళే మోల్డు తీసిచ్చారు, పైన నున్నగా ఉండే పొర, గెల్ కోటు చూస్తే చేయి తిరిగిన పని అని తెలిసిపోతుంది.

ఈ పద్ధతిలో చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ముందు సస్పెన్షన్ వెనకకి పోయాక స్టీరింగ్ రాక్ ఉండదు కాబట్టి దాన్నీ చక్రాలనీ కలిపే కడ్డీలు, టై రాడ్లు, ఊరికే వేలాడుతుంటాయి, వాటి లోపలి చివరని ఫ్రేముకి బిగించేయాలి. ఎక్కడ బిగించామన్నదే అసలు సంగతి. ఆ పాయింటు చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ఊగే తీరుకి సరిపడే ఎత్తులో లేకపోతే, గుంతలో పడ్డ ప్రతిసారీ వెనక చక్రం తనంతట తాను కొంచెం పక్కకి తిరుగుతుంది. నలభైలో పోతుంటే ఏమీ తెలియదు, తొంభైలో మలుపు తిరుగుతుంటే మాత్రం కారు వెనక భాగం ఎవరో తోసినట్టు పక్కకి జరుగుతుంది. వీళ్ళు స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతో పైకీ కిందికీ కదుపుతూ, హబ్బుకి బిగించిన అల్యూమినియం పట్టీ రెండు చివర్ల దగ్గరా కొలత తీసుకుంటూ, బ్రాకెట్ కింద వాషర్లు వేస్తూ తీస్తూ, పూర్తి కదలికలో తేడాని ఒక మిల్లీమీటరు లోపుకి తెచ్చారు. అంత ఓపిక ఉన్నవాళ్ళు ఏ కంపెనీలో అయినా పనికొస్తారు.

రేడియేటర్ ముందుంది, ఇంజను వెనకుంది, మధ్యలో పైపులు సీట్ల పక్కనుంచి పోతాయి. ఎక్కడ పైపు ఎత్తుగా ఉంటే అక్కడ గాలి ఇరుక్కుంటుంది, మే నెలలో అనంతపురం ఎండలో గాలి ఇరుక్కున్న కూలింగ్ సిస్టమ్ ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎత్తైన చోట ఎయిర్ తీసే స్క్రూ, పైపుల చుట్టూ వేడి తగలకుండా చుట్టు వేయమని రాసిచ్చాను, వేశారు.

ఇక రోడ్డు. వాళ్ళ కారు గ్రౌండ్ క్లియరెన్స్ 120 మిల్లీమీటర్లు, వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, సుమారు 2400. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతల ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగే గుట్ట. లెక్క కడితే అలాంటి దాని మీద ఈ కారు మధ్యభాగానికి 45 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే చాలు, హాయిగా దాటేస్తుంది. కానీ ఊళ్ళ దగ్గర ఉండేవి అలా కట్టినవి కావు కదా. రెండు మూడడుగుల వెడల్పులో ఆరంగుళాల ఎత్తు పోసేసి ఉంటారు. ముందు చక్రాలు దిగిపోయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందు ఆ ఆరంగుళాలూ, అంటే 150 మిల్లీమీటర్లూ, నేరుగా కారు పొట్ట కిందకి వస్తాయి. 120తో దాటడం కుదరని పని. 170కి లేపితే దాటుతుంది గానీ, అప్పుడు చక్రానికీ ఫెండరుకీ మధ్య చెయ్యి దూరేంత సందు కనిపిస్తుంది, డ్రైవ్‌షాఫ్టుల వాలు మారుతుంది, టై రాడ్ కోసం అంత కష్టపడి తెచ్చిన కొలతలన్నీ మళ్ళీ మొదటికి వస్తాయి. షోలో పెట్టే కారుకి ఈ సమస్య ఉండదు, దాన్ని కార్పెట్ మీదకి తోసి నిలబెడతారు. అమ్మే కారు గుత్తి పోవాలి, తాడిపత్రి పోవాలి.

ఇవన్నీ పరిష్కారం ఉన్న సమస్యలే. ప్రాజెక్టు ఆగింది వీటి దగ్గర కాదు.

ముగ్గురిలో లెక్కలు చూసే అబ్బాయి నన్నొక మాట అడిగాడు. "అన్నా, వెనక సీటు తీసేసినాము, వెనక డోర్లు తీసేసినాము, ఖర్చు కూడా ఆ మేరకు తగ్గల్ల కదా?" చాలామందికి ఉండే అనుమానమే ఇది. తగ్గేది సామాను ఖర్చు, అది కూడా కొంచెమే. డోర్ రేకు వత్తే డై, డ్యాష్‌బోర్డు మోల్డు, క్రాష్ టెస్టులు, ఇంజను కాలిబ్రేషన్, ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరుచుకోవాలో నేర్పే పని, ఇవేవీ సీట్లు లెక్కపెట్టి తగ్గవు. కల్యాణమండపం అద్దె యాభై మంది వచ్చినా ఐదొందల మంది వచ్చినా ఒకటే అయినట్టు, ఈ ఖర్చు ఎన్ని కార్లు అమ్మినా ఒకటే. ఉదాహరణకి ఇలాంటి ఖర్చు మొత్తం 20 కోట్లు అనుకుందాం, నిజానికి పెద్ద కంపెనీకి ఇంకా చాలా ఎక్కువే అవుతుంది. రెండు లక్షల కార్లు అమ్మితే కారుకి వెయ్యి రూపాయలు పడుతుంది. 200 కార్లు అమ్మితే కారుకి పది లక్షలు. ఇంకా ఇంజను పెట్టలేదు, టైరు వేయలేదు, పది లక్షలు అప్పుడే ఎక్కేశాయి.

డైలు వద్దు, ఫైబర్‌తో లాగిద్దాం అంటే అది ఇంకో లెక్క. రేకు డై కొట్టేది సెకన్లలో, ఫైబర్ ప్యానెల్ ఒకటి పోసి, ఆరబెట్టి, మోల్డు నుంచి తీసి, అంచులు కోసి, రుద్ది, పుట్టీ పెట్టి పెయింట్‌కి సిద్ధం చేసేసరికి మనిషి పని రోజుల్లో ఉంటుంది. మొదటి కారుకి చవక, వందో కారుకి కూడా అంతే కష్టం.

ఇక్కడ టాటా రేసిమో గురించి చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో ఈ ప్రశ్నని అందరికంటే తెలివిగా ఎదుర్కొన్న కారు అదే. టాటా మోటార్స్ టామో అనే పేరుతో 2017 మార్చిలో జెనీవా షోలో దాన్ని చూపించింది. రెండు సీట్లు, ఇంజను సీట్ల వెనక, 1.2 లీటర్ల టర్బో పెట్రోల్, 190 పీఎస్, 210 న్యూటన్ మీటర్ల టార్క్, క్లచ్ తొక్కక్కర్లేని ఆరు గేర్ల ఏఎంటీ, వంద కిలోమీటర్ల వేగానికి ఆరు సెకన్ల లోపు అని ప్రకటించారు. పొడవు 3835 మిల్లీమీటర్లు, అంటే నాలుగు మీటర్ల లోపు. ఇంజను 1200 సీసీ లోపు. మన దేశంలో పెట్రోల్ కారు ఈ రెండు గీతల లోపు ఉంటేనే చిన్న కారుకి ఉండే తక్కువ పన్ను పడుతుంది, ఆ గీతలు దాటకుండా స్పోర్ట్స్ కారు గీయడం నాకు ఇప్పటికీ చాలా నచ్చే విషయం. ఆ ఏడాదే మార్కెట్లోకి వచ్చిన నెక్సాన్‌లోనూ 1.2 లీటర్ల టర్బోనే, అందులో అప్పుడు 110 పీఎస్ ఇచ్చేది. అంటే ఇంజను కొత్తగా పుట్టించాల్సిన పని లేదు, ఉన్న కుటుంబంలోంచే తెచ్చుకున్నారు.

అసలు తెలివి బాడీలో ఉంది. మోఫ్లెక్స్ అనే మల్టీ మెటీరియల్ శాండ్‌విచ్ నిర్మాణం వాడారు, దాని వెనక ఉన్నది మార్చెల్లో గాండీని. లంబోర్గిని మియురా, కౌంటాచ్, లాన్సియా స్ట్రాటోస్ గీసిన మనిషి. పెద్ద ప్రెస్ డైల మీద భారీగా డబ్బు పోయకుండా తక్కువ సంఖ్యలో కార్లు కట్టడానికి వీలిచ్చే పద్ధతి అది. అంటే పైన చెప్పిన పది లక్షల బరువుని దించడానికే కారు మొత్తం ఆలోచించి కట్టారు. అయినా అది తయారీకి పోలేదు. ఆ రోజుల్లో టాటా ప్రయాణికుల కార్ల వ్యాపారం నష్టాల్లో ఉంది, ఎక్కువ అమ్ముడుపోయే మోడళ్ళకే డబ్బు, మనుషులు చాలని పరిస్థితి. కారులో లోపం ఏమీ లేకపోయినా, అదే డబ్బుతో ఇంకో పని చేస్తే ఎక్కువ వస్తుందని తేలినప్పుడు మొదట ఆగేది రెండు సీట్ల కారే. దీనికి చాలా ముందు, 2000లో టాటా ఆరియా రోడ్‌స్టర్ అని ఒకటి చూపించింది, మరుసటి ఏడాది ఆరియా కూపే. కార్లు రాలేదు, పేరు మాత్రం 2010లో వచ్చిన ఏడు సీట్ల కుటుంబం కారుకి పెట్టారు.

టాటా చేతిలోనే ఉన్న జాగ్వార్ కథ ఇంకో కోణం చూపిస్తుంది. కంపెనీ 75 ఏళ్ళ సందర్భంగా 2010లో పారిస్‌లో సీ-ఎక్స్75 చూపించారు. నాలుగు చక్రాలకీ నాలుగు ఎలక్ట్రిక్ మోటార్లు, మొత్తం 780 పీఎస్, బ్యాటరీని నింపడానికి రెండు చిన్న గ్యాస్ టర్బైన్లు. 2011లో ఫార్ములా వన్ రేసుల కంపెనీ విలియమ్స్‌తో కలిసి గరిష్ఠంగా 250 కార్లు కడతామని ప్రకటించారు. కట్టడానికి దిగాక టర్బైన్లు పక్కకి పోయాయి, వాటి చోట టర్బో, సూపర్‌చార్జర్ రెండూ ఉన్న 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను వచ్చింది, దాంతోనే 500 దాటిన హార్స్‌పవర్ తీశారు. ప్రోటోటైపులు బాగా నడిచాయి. 2012 డిసెంబర్‌లో ఆపేశారు, ప్రపంచ ఆర్థిక పరిస్థితి ఇలాంటి కారుకి అనుకూలంగా లేదన్నది కారణం. ఆ ముగ్గురికీ నేను గట్టిగా చెప్పింది ఇదే: ప్రోటోటైప్ బాగా నడవడం వేరు, ప్రాజెక్టు బతకడం వేరు. టై రాడ్ కొలత మిల్లీమీటరులోపు వచ్చింది కాబట్టి వ్యాపారం కూడా నిలబడుతుందని అనుకుంటే అది నిలవదు.

ఇంట్లోనే పోటీ వచ్చి ఆగినవి ఇంకో రకం. 1964లో పాంటియాక్‌లో తేలికైన రెండు సీట్ల కారు ఎక్స్‌పీ-833 తయారు చేశారు, బాన్షీ అంటారు. ఫైబర్ బాడీ, చవకైన ఆరు సిలిండర్ల ఇంజను. పాంటియాక్ సొంతదారు జనరల్ మోటార్స్‌కి అప్పటికే కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు ఉంది, దాని అమ్మకాలు తినేస్తుందని పైవాళ్ళు ఒప్పుకోలేదు. 2009లో డెట్రాయిట్‌లో ఫోక్స్‌వాగన్ చూపించిన బ్లూస్పోర్ట్ నాకు ప్రత్యేకంగా ఇష్టం, ఎందుకంటే అది మధ్యతరగతి స్పోర్ట్స్ కారు: 2 లీటర్ల డీజిల్, 180 పీఎస్, నాలుగు మీటర్ల లోపు, బరువు 1200 కిలోలకి అటూ ఇటూ. గ్రూపులో ఆడి, పోర్షే కూడా అదే ప్లాట్‌ఫామ్ వాడుకుంటే లెక్క కుదిరేది. అది కుదరలేదు, కారు రాలేదు.

మరి దాటినవి ఎలా దాటాయి? పోర్షే బాక్‌స్టర్ 1993లో కాన్సెప్టుగా డెట్రాయిట్‌లో కనిపించి 1996లో అమ్మకానికి వచ్చింది. పోర్షే సొంత కారే అయిన కొత్త 911తో ముందు భాగం, డోర్లు, ఇంకా బోలెడు భాగాలు కలిపి వాడుకునేలా రెండు కార్లూ ఒకేసారి గీశారు కాబట్టి దాటింది. మన పక్కనున్న కియా సంగతే తీసుకోండి. 1996 నుంచి 1999 దాకా కొరియాలో కియా ఎలాన్ అని రెండు సీట్ల ఓపెన్ కారు అమ్మింది, సొంతంగా మొదటి నుంచి గీసింది కాదు, లోటస్ ఎలాన్ తయారీ హక్కులు కొని తన 1.8 లీటర్ల ఇంజను పెట్టుకుంది. అప్పుడు కూడా సుమారు వెయ్యి కార్ల దగ్గర ఆగిపోయింది. అదే కియా 2014లో డెట్రాయిట్‌లో జీటీ4 స్టింగర్ చూపించింది, అది ముందు రెండు, వెనక పేరుకి రెండు సీట్ల కూపే, 315 హార్స్‌పవర్, వెనక చక్రాలు తిరిగేది, చేత్తో వేసే గేరు. అది రాలేదు. స్టింగర్ పేరుతో 2017లో వచ్చింది నాలుగు డోర్ల కారు. పెనుకొండ లైన్ మీద ఏ కారు తిరుగుతోందో చూస్తే కారణం తెలుస్తుంది: సెల్టోస్, సోనెట్, కారెన్స్. కుటుంబం మొత్తం ఎక్కే కార్లు.

చట్టం దగ్గరికి వద్దాం, మా ప్రాజెక్టులో గట్టి గోడ ఇదే. అమ్మే ప్రతి కొత్త వాహనం ప్రోటోటైపుని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన కింద పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ముందు నుంచి 56 కి.మీ. వేగంతో ఆఫ్‌సెట్ క్రాష్ (ముందు భాగంలో ఒక వైపే గుద్దుకునేది), పక్క నుంచి 50 కి.మీ. వేగంతో క్రాష్, ఈ రెండూ కొత్త మోడళ్ళకి 2017 అక్టోబర్ నుంచి తప్పనిసరి. ఒక్కో పరీక్షలో ఒక కారు తుక్కవుతుంది. రెండు సీట్ల కారులో పక్క క్రాష్ ఇంకా కష్టం, సీటు నేలకి దగ్గరగా ఉంటుంది, గుద్దే బారియర్ సరిగ్గా పక్కటెముకల ఎత్తులో వస్తుంది. దీనికి తోడు బీఎస్6 పొగ నిబంధనలు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు. "పాత కారు ఆర్సీ ఉంది కదా, దాని మీద మార్పులు చేసినట్టు చూపిద్దాం" అని ఒకరు సలహా ఇచ్చారట వాళ్ళకి. ఆ దారి మూసేశారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చే మార్పు చేయకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఇంజను ముందు నుంచి వెనకకి పోయి, బాడీ మొత్తం మారిపోయిన కారుని ఏ ఆర్టీవో ఆఫీసులోనూ పాత నంబరు మీద నడపడం కుదరదు. నడిపితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ రాదు, అది అన్నిటికంటే భయపడాల్సిన విషయం.

కొనేవాళ్ళ సంగతి చివరికి చూశాం. కారుని ఎక్కడ నిలబెట్టినా జనం మూగారు, ఫొటోలు తీసుకున్నారు, "ఎంత?" అని అడిగారు. నేను వాళ్ళకి చెప్పింది ఒకటే: ఎంత అని అడిగినవాళ్ళని లెక్కలోకి తీసుకోవద్దు, వెనక్కి ఇచ్చే షరతు మీద కొంచెం అడ్వాన్స్ అడిగి చూడండి. అడిగారు. వేరుశనగ మిల్లు ఉన్న ఒక పెద్దాయన చెప్పిన మాట నా రిపోర్టులో అలాగే రాసుకున్నాను: "బండి శానా బాగుందప్పా. మా యమ్మను యాడ కూర్చోబెట్టల్ల?" డబ్బున్న మనిషి, కార్లంటే ఇష్టమున్న మనిషి, ఇంట్లో రెండు కార్లున్న మనిషి. అతను కూడా మూడో కారు రెండు సీట్లది కొనడు, అదే డబ్బుకి ఇంకో పెద్ద ఎస్‌యూవీ కొంటాడు. అడ్వాన్స్ ఇస్తామన్నవాళ్ళ పేర్లు ఒక పేజీ నిండలేదు.

నా రిపోర్టులో మూడు మాటలు రాశాను. రోడ్డు కారుగా అమ్మే ఆలోచన వదిలేయండి, ఆ ఖర్చు మీ కుటుంబాలు మోయలేవు. ఈ కారుని రిజిస్ట్రేషన్ అక్కర్లేని మూసిన ట్రాక్ కోసమే ఉంచుకోండి, అప్పుడు 120 మిల్లీమీటర్ల క్లియరెన్స్ కూడా సమస్య కాదు. కారులో విడిగా అమ్ముడుపోయేది ఏముందో చూడండి. ఈ మూడోది మొదట వాళ్ళకి కష్టంగా తోచింది, అది సహజమే. కానీ నిస్సాన్ మిడ్4 చూడండి, 1985లోనూ 1987లోనూ రెండు రూపాల్లో చూపించి తయారీ ఆపేశారు, రెండో రూపంలోని ట్విన్ టర్బో వీ6 ఇంజను 1989 నిస్సాన్ 300జెడ్ఎక్స్ స్పోర్ట్స్ కారులోకి వెళ్ళి పేరు తెచ్చుకుంది. ఫోక్స్‌వాగన్ డబ్ల్యూ12 కూడా అంతే, ఇటలీలోని నార్డో ట్రాక్ మీద 24 గంటల పాటు సగటున 322 కి.మీ. వేగంతో పరుగెత్తి రికార్డు కొట్టిన కారు షోరూమ్‌కి రాలేదు, ఆ పన్నెండు సిలిండర్ల డబ్ల్యూ12 తరహా ఇంజను బెంట్లీ, ఆడి, ఫేటన్ కార్లలోకి పోయింది.

మన వాళ్ళ విషయంలో అలా మిగిలినవి రెండు: ఫైబర్ మోల్డు పని, వెనక సబ్‌ఫ్రేము బిగించే విధానం. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు పోటీలకి కట్టే చిన్న రేసు కార్లకి బాడీ ప్యానెళ్ళు కావాలి, సస్పెన్షన్ కొలతలు సరిచేసిచ్చే మనిషి కావాలి. ముగ్గురిలో ఒకరు ఆ పని మొదలుపెట్టారు, ఆర్డర్లు వస్తున్నాయి. ఒకరు పెనుకొండ దగ్గర విడిభాగాల యూనిట్‌లో చేరారు, ఇంకొకరు చెన్నైలో. కారు నడుస్తోంది, వెనక చక్రాల కొలత ఇంకా అలాగే నిలిచి ఉంది.

కర్నూలు, కడప వైపు నుంచి కూడా ఇలాంటి డ్రాయింగులతో పిల్లలు వస్తున్నారు, రావాలి కూడా. వచ్చేటప్పుడు బొమ్మ ఒక్కటే కాకుండా ఇవి కూడా తీసుకురండి: ఏ కారు నుంచి ఏ భాగం తీసుకుంటున్నారో రాసిన జాబితా, ఆ భాగాలు కొత్తవి ఎంతకి దొరుకుతాయో పార్టుల షాపు ఇచ్చిన కొటేషన్, పక్క క్రాష్‌లో డోరు వెనక ఏ పైపు ఆపుతుందో చూపించే ఒక అడ్డకోత బొమ్మ, అడ్వాన్స్ ఇచ్చిన వాళ్ళ పేర్లు. వీటితో వస్తే మొదటి రోజే అసలు లెక్క మొదలుపెట్టొచ్చు.